బాయ్‌కాట్ వేరు, వెలి వేరు

(పాత్రికేయ విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా, నమస్కారం.

మన పత్రికల్లో తరచుగా కనిపించే ఒక మాట గురించి ఈ సాయంత్రం మాట్లాడతాను. శాసనసభ సమావేశాలను ప్రతిపక్షం బహిష్కరించింది. న్యాయవాదులు విధులు బహిష్కరించారు. విద్యార్థులు తరగతులు బహిష్కరించారు. ఫలానా ఊళ్లో ఒక కుటుంబాన్ని బహిష్కరించారు. ఈ నాలుగు వార్తలూ ఒకే పేజీలో పక్కపక్కనే అచ్చవుతుంటాయి. మొదటి మూడూ నిరసనలు. నాలుగోది దౌర్జన్యం. క్రియాపదం మాత్రం నాలుగింటికీ ఒకటే. వార్తలు రాయబోయే మీరు ఈ తేడాను పట్టుకోవాలని నా కోరిక. అందుకోసం ఆ బహిష్కరణకు ఇంగ్లీషులో వాడే ‘బాయ్‌కాట్’ అనే మాట ఎక్కడ పుట్టిందో, ఎవరి చేతుల్లో ఎలా మారిందో చెబుతాను.

బాయ్‌కాట్ అనగానే క్రికెట్ చూసేవారికి జెఫ్రీ బాయ్‌కాట్ గుర్తుకు రావచ్చు. మన మాట పుట్టింది ఆయన పేరు మీద కాదు. అయితే ఒక విషయం చెప్పాలి. వర్ణవివక్ష కారణంగా దక్షిణాఫ్రికాతో క్రీడా సంబంధాలను ప్రపంచం తెంచుకున్న కాలంలో, 1982లో, ఆ నియమాన్ని కాదని అక్కడికి వెళ్లి ఆడిన ఇంగ్లండ్ ఆటగాళ్లలో ఆయన కూడా ఉన్నారు. అందుకు 3 ఏళ్ల నిషేధం అనుభవించారు. మన కథలోని బాయ్‌కాట్ అంతకు నూరేళ్ల ముందటి మనిషి. చార్లెస్ కన్నింగ్‌హామ్ బాయ్‌కాట్. 1832లో ఇంగ్లండులోని నార్ఫోక్‌లో పుట్టి, కొంతకాలం సైన్యంలో పనిచేసి, ఐర్లండ్ పశ్చిమ తీరంలో మేయో కౌంటీకి చేరాడు. అక్కడ లాక్ మాస్క్ అనే సరస్సు పక్కన ఎర్న్ ప్రభువుకు 2,000 ఎకరాలకు పైగా భూమి ఉండేది. ప్రభువు ఉండేది వేరే కౌంటీలోని కోటలో. ఆయన తరఫున కౌలు వసూలు చేసే ఏజెంటు ఈ బాయ్‌కాట్. తాను కూడా 600 ఎకరాలకు పైగా కౌలుకు తీసుకుని సేద్యం చేయించేవాడు. ఊళ్లో అందరూ కెప్టెన్ అని పిలిచేవారు.

ఆ ప్రాంతం ఎలాంటిదో తెలియకపోతే తరువాత జరిగింది అర్థం కాదు. 1840ల చివర్లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి ఐర్లండులో ఘోరమైన కరవు వచ్చింది. సుమారు 10 లక్షల మంది చనిపోయారు. అంతకంటే ఎక్కువ మంది ఓడలెక్కి దేశం వదిలిపోయారు. కరవు తగ్గినా కౌలు బాధ తగ్గలేదు. భూమి ప్రభువుది. దున్నే రైతుకు దాని మీద ఏ భద్రతా లేదు. కౌలు బకాయి పడితే ఇల్లు, పొలం రెండూ పోతాయి. మన కౌలు చట్టాల భాషలో బేదఖలు అంటామే, అది. మేయోలోనే పుట్టిన మైఖేల్ డేవిట్ కుటుంబాన్ని ఆయన నాలుగేళ్ల వయసులో ఇలాగే ఇంట్లోంచి వెళ్లగొట్టారు. ఇంగ్లండుకు వలసపోయి, 11 ఏళ్ల వయసులో నూలు మిల్లులో యంత్రంలో పడి ఆ పిల్లవాడు కుడి చెయ్యి పోగొట్టుకున్నాడు. ఆ డేవిట్ చొరవతోనే 1879 అక్టోబరులో ల్యాండ్ లీగ్ అనే కౌలు రైతుల సంఘం ఏర్పడింది. దానికి అధ్యక్షుడు ఐరిష్ నాయకుడు చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్. న్యాయమైన కౌలు, భూమి మీద స్థిరమైన హక్కు, ఆ హక్కును అమ్ముకునే స్వేచ్ఛ కావాలని అడిగారు.

1880 సెప్టెంబర్ 19న ఎన్నిస్ పట్టణంలో సభ జరిగింది. ఒక రైతును వెళ్లగొట్టిన పొలాన్ని కౌలుకు తీసుకునే మరో రైతును ఏం చేద్దామని పార్నెల్ జనాన్ని అడిగాడు. కాల్చెయ్యాలి అని గుంపులోంచి కేకలు వచ్చాయి. అది ఉత్తుత్తి కేక కాదు. ఆ రోజుల్లో భూమి తగాదాల్లో హత్యలు జరుగుతూనే ఉన్నాయి. ఈ సభ జరిగిన వారం లోపే, లాక్ మాస్క్‌కు దగ్గరలోనే, మౌంట్‌మోరిస్ అనే భూస్వామిని కాల్చి చంపారు. పార్నెల్ మాత్రం అంతకంటే మేలైన, ధర్మమైన మార్గం చెబుతానన్నాడు. దారిలో ఎదురైతే తప్పుకోండి, వీధిలో తప్పుకోండి, కొట్టులో, సంతలో, చివరికి ప్రార్థన చేసే చోట కూడా అతన్ని ఒంటరిగా వదిలేయండి, పూర్వం కుష్ఠురోగిని దూరం పెట్టినట్టు దూరం పెట్టండి అన్నాడు.

ఈ ప్రసంగంలో రెండు విషయాలు గమనించండి. సాధారణంగా ఎవరూ ఎత్తి చూపరు. ఒకటి, పార్నెల్ ఆ రోజు వేలు చూపించింది భూస్వామి వైపు కాదు, సాటి పేద రైతు వైపు. తోటివాడి నోటి దగ్గరి కూడు లాక్కున్న రైతు వైపు. రెండు, ఆయనకు తోచిన ఉపమానం కుష్ఠురోగి. ఏ తప్పూ చేయకుండా ఊరు తోసేసిన మనిషి. ఆయుధం పుడుతున్నప్పుడే అందులో రెండో అంచు ఉంది.

ఇంతలో లాక్ మాస్క్ దగ్గర వ్యవహారం ముదిరింది. పంటలు సరిగా లేవు కనుక కౌలులో నూటికి 25 తగ్గించమని రైతులు అడిగారు. ఎర్న్ ప్రభువు అంతకు ముందు ఇస్తానన్న 10 శాతానికి మించి ఒప్పుకోలేదు. 11 కుటుంబాలకు తొలగింపు నోటీసులు సిద్ధమయ్యాయి. సెప్టెంబర్ 22న నోటీసులు అందించే ఉద్యోగి 17 మంది పోలీసులను వెంటబెట్టుకుని బయలుదేరాడు. మూడు ఇళ్లలో ఇవ్వగలిగాడు. నాలుగో ఇంటి దగ్గర ఇల్లాలు తీసుకోనంది. అంతలో చుట్టుపక్కల ఆడవాళ్లంతా పోగయ్యారు. రాళ్లు, బురద, పేడ, చేతికి ఏది దొరికితే అది విసిరారు. పోలీసులతో సహా అతను కెప్టెన్ ఇంటి వైపు పరుగెత్తాడు. ఇది చరిత్రలో బాయ్‌కాట్ పేరు మీద నిలిచిపోయింది. మొదటి దెబ్బ కొట్టిన ఆ ఆడవాళ్ల పేర్లు మాత్రం చాలామందికి తెలియవు.

మర్నాడు జనం గుంపుగా కెప్టెన్ ఇంటికి వెళ్లి పనివాళ్లను పని మానుకోమన్నారు. వాళ్లు మానుకున్నారు. కొందరు ఇష్టంగా, కొందరు భయంతో. ఆ రెండోదాన్ని కూడా దాచకూడదు. ఆ తరువాత ఏం జరిగిందో కెప్టెన్ స్వయంగా లండన్ టైమ్స్ పత్రికకు లేఖ రాశాడు, అక్టోబరులో అచ్చయింది. కమ్మరి పని చేయనన్నాడు. బట్టలు ఉతికే ఆమె రానంది. బాలిన్‌రోబ్ పట్టణంలోని కొట్లలో సరుకు అమ్మడం మానేశారు. ఉత్తరాలు తెచ్చే కుర్రవాడు ఆగిపోయాడు. పొలంలో దుంపలు, ధాన్యం అలాగే ఉన్నాయి, కోసేవారు లేరు. జనం చేలలో తిరిగి పంటలు తొక్కుతున్నారు, పశువులను రోడ్డు మీదికి తోలేస్తున్నారు. ఎవరూ అతన్ని కొట్టలేదు. అతనికి పనులు చేసిపెట్టడం మానేశారు. ఆ లేఖ చదువుతుంటే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఊరు తనకు రోజూ ఎన్ని పనులు చేసిపెడుతోందో ఆ మనిషికి అంతవరకూ లెక్కే లేదు.

లేఖతో ఇంగ్లండులో గగ్గోలు పుట్టింది. ఉత్తరాన కావన్, మోనహన్ కౌంటీల నుంచి బ్రిటిష్ పాలనకు విధేయులైన ప్రొటెస్టంట్ల ఆరెంజ్ సంఘానికి చెందిన 50 మంది పంట కోయడానికి ముందుకొచ్చారు. వాళ్లకు రక్షణగా సుమారు 1,000 మంది సైనికులు, పోలీసులు కదిలారు. నవంబర్ 11న రైలు దిగి, ఎవరూ బండి ఇవ్వకపోవడంతో, వానలో తడుస్తూ బాలిన్‌రోబ్‌కు నడిచారు. కెప్టెన్ తోటలోనే గుడారాలు వేశారు. రెండు వారాలపాటు, చుట్టూ తుపాకుల కాపలా మధ్య, బురదలోంచి టర్నిప్ దుంపలు పీకారు. సుమారు 500 పౌన్ల పంట. ప్రభుత్వానికీ ఇతరులకూ అయిన ఖర్చు 10,000 పౌన్లని అంచనా. ఒక్కో దుంపకు ఒక్కో షిల్లింగు పెట్టారని పార్నెల్ లెక్క చెప్పాడు. ఊరిలో ఎవరూ సైనికుల జోలికి పోకుండా స్థానిక చర్చి గురువు ఫాదర్ జాన్ ఓమాలీ జనాన్ని అదుపులో ఉంచాడు. నవంబర్ 27న కెప్టెన్ కుటుంబంతో సహా ఇల్లు వదిలాడు. బండి తోలడానికి మనిషి దొరకలేదు. సైన్యం వారి అంబులెన్సు బండిలో వెళ్లవలసి వచ్చింది. డబ్లిన్‌లో దిగిన హోటలుకు కూడా బెదిరింపు ఉత్తరం వచ్చింది. డిసెంబర్ 1న ఇంగ్లండు ఓడ ఎక్కాడు.

ఇక మాట సంగతి. ఈ గొడవలను రాయడానికి అమెరికా నుంచి జేమ్స్ రెడ్‌పాత్ అనే విలేఖరి వచ్చి ఉన్నాడు. ఆయన రాసిన ప్రకారం, ఫాదర్ ఓమాలీతో భోజనానికి కూర్చున్నప్పుడు తనకో మాట దొరకడం లేదని చెప్పాడు. భూమి లాక్కున్న రైతును ఊరు దూరం పెడితే సాంఘిక బహిష్కారం అనవచ్చు, కానీ ఏజెంటును, భూస్వామిని ఇలా చేస్తే ఏమనాలి? గ్రీకు నుంచి వచ్చిన ఆస్ట్రసిజం అనే మాట ఉంది, అది రైతులకు అర్థం కాదు. ఫాదర్ కాసేపు ఆలోచించి, అతన్ని ‘బాయ్‌కాట్ చేయడం’ అంటే ఎలా ఉంటుంది అన్నాడట. చూడండి, మాట పుట్టడానికి కారణమే ఈ తేడా. అప్పటికే ఉన్న మాటలు సాటివాడిని దూరం పెట్టడానికి సరిపోతున్నాయి. పైవాడికి ఎదురు తిరగడానికి సరిపోవడం లేదు. అందుకే కొత్త మాట కావలసి వచ్చింది. నవంబర్ ముగిసేలోపే టైమ్స్ పత్రిక వేరే ఊరి గొడవకు కూడా ఈ మాట వాడింది. కొద్ది కాలానికే ఫ్రెంచి, జర్మన్, డచ్, రష్యన్ భాషల్లో చేరిపోయింది. మనిషి ఇంకా బతికే ఉండగా అతని ఇంటిపేరు ఇన్ని భాషల్లో క్రియాపదం కావడం అరుదు. మరుసటి ఏడాది అతను అమెరికా వెళ్లినప్పుడు బాయ్‌కాట్ అనే ఇంటిపేరు దాచి కన్నింగ్‌హామ్ అని ప్రయాణించాడు. 1897లో సఫోక్‌లో చనిపోయాడు.

పని పాతదే, పేరు మాత్రం కొత్తది. 1791లో బ్రిటిష్ పార్లమెంటు బానిస వ్యాపార నిషేధ బిల్లును తోసిపుచ్చినప్పుడు, బానిసల చెమటతో తయారైన చక్కెర తినడం ఇంగ్లండులో కొన్ని లక్షల మంది మానేశారు. అమెరికా వలసల్లో బ్రిటిష్ సరుకు దిగుమతి మానుకున్నారు. ఇవన్నీ పేరు లేని బాయ్‌కాట్‌లు.

ఇప్పుడు మన నేలకు వద్దాం. కెప్టెన్ ఇల్లు వదిలిన సుమారు ఏడాదికి, 1881 డిసెంబర్ 11న, రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు ఏం చేసింది? వంటవాళ్లు రామన్నారు. నీళ్లు మోసేవాళ్లు రామన్నారు. వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు స్వయంగా గోదావరి నుంచి నీళ్లు తెచ్చి, పెళ్లి వంటలు వండారు. పెళ్లికి అండగా నిలిచిన వారి మీద వెలి పడింది. కొందరు తట్టుకోలేక ప్రాయశ్చిత్తాలు చేసుకున్నారు. లాక్ మాస్క్ ఇంట్లో ఏం జరిగిందో రాజమహేంద్రవరం ఇంట్లోనూ అదే జరిగింది. పనివాళ్లు ఆగిపోయారు, సేవలు ఆగిపోయాయి, పలకరింపులు ఆగిపోయాయి. పైకి చూస్తే తేడా లేదు. అక్కడ కౌలుకు నలిగినవాళ్లు వసూలు చేసేవాడిని నిలదీశారు. ఇక్కడ ఆచారం పేరు మీద అధికారం చెలాయించేవాళ్లు ఒక చిన్న వయసు వితంతువుకు మళ్లీ బతుకునిచ్చిన వారిని అణచబోయారు. దీన్ని తెలుగులో ఎవరూ బాయ్‌కాట్ అనలేదు. వెలి అన్నారు. నిప్పూ నీళ్లూ పుట్టకుండా చేయడం అన్నారు. ఆ మాటలే సరైనవి.

అదే రాజమహేంద్రవరం 1907 ఏప్రిల్‌లో మరో రకం బహిష్కరణ చూసింది. బెంగాల్ విభజనకు నిరసనగా 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాలు సభ విదేశీ వస్తువుల బహిష్కరణకు పిలుపునిచ్చింది. ఆ సందేశాన్ని మోసుకుని బిపిన్ చంద్రపాల్ విశాఖపట్నం, కాకినాడ, రాజమహేంద్రవరం, బెజవాడ, మచిలీపట్నం మీదుగా మద్రాసు వెళ్లారు. రాజమహేంద్రవరంలో ఆయన ప్రసంగాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు తెలుగులో వినిపించారు. వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్న విద్యార్థులను కళాశాల నుంచి పంపేశారు, వారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు ఒకరు. పాతికేళ్ల కిందట మాట పుట్టిన ఐర్లండూ, ఈ గోదావరి తీరమూ అలా కలిశాయి. పాలించేవాడిని ‘నీ సరుకు నాకొద్దు’ అనడానికి ఆ మాట ఇక్కడ అచ్చంగా సరిపోయింది.

1921లో పల్నాడులో ఇంకా దగ్గరి పోలిక కనిపిస్తుంది. పశువుల మేతకు అడవి పుల్లరి కట్టమని వేధించిన అధికారులు పర్యటనకు వస్తే గ్రామస్థులు సరుకులు ఇవ్వలేదు, సేవలు చేయలేదు. ఇది లాక్ మాస్క్ పద్ధతే. ఆ ఉద్యమంలోనే 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు ప్రాణాలిచ్చాడు.

గాంధీజీకి ఈ ఆయుధం మీద ప్రేమ కంటే అనుమానమే ఎక్కువ. ఆయన ఎంచుకున్న మాట సహాయ నిరాకరణ. ఉద్యమంలో చేరనివారిని ఊరు వెలివేయడం, వైద్యం, నీళ్లు నిరాకరించడం హింసతో సమానమని 1920, 21ల్లో గట్టిగా హెచ్చరించారు. ఆయన భయం నిజమైనదే. జాతీయోద్యమం పేరు మీద కూడా ఊళ్లలో పాత వెలి పద్ధతి నడిచింది.

ఈ అనుమానం గాంధీజీ ఒక్కరిదే కాదు. 1955 డిసెంబర్‌లో అమెరికాలోని మాంట్‌గోమరీలో రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ బస్సులో తన సీటు తెల్లవారికి వదలనందుకు అరెస్టయ్యారు. నల్లజాతి వారు బస్సులెక్కడం మానేశారు. 381 రోజులు నడిచారు, కార్లు పంచుకున్నారు, గెలిచారు. ఆ ఉద్యమం మొదట్లో మార్టిన్ లూథర్ కింగ్‌ను ఒక ప్రశ్న కలవరపెట్టింది. పిల్లలను తెల్లవారి బడుల్లో చేర్చమని అడిగిన నల్లవారికి ఉద్యోగాలు తీసేయడం, అప్పు పుట్టనివ్వకపోవడం తెల్లవారి మండళ్లు చేస్తున్న పని. మనం చేస్తున్నదీ అదేనా? ఆలోచించి ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. మనం బస్సు కంపెనీని దివాలా తీయించడానికి చేయడం లేదు, చెడు వ్యవస్థకు మన సహకారాన్ని ఉపసంహరించుకుంటున్నాం అన్నాడు. అప్పటి నుంచి బాయ్‌కాట్ అనే మాటనే తగ్గించుకున్నాడు. అలబామా ప్రభుత్వం మాత్రం ఆ తేడా ఒప్పుకోలేదు. 1921 నాటి బాయ్‌కాట్ నిరోధక చట్టం కింద ఆయనకు 500 డాలర్ల జరిమానా వేసింది.

ఐర్లండులోనే జరిగిన ఒక సంఘటన చెప్పకుండా ఈ చరిత్ర పూర్తి కాదు. 1904లో లిమరిక్ పట్టణంలో ఒక మతగురువు ప్రసంగాలు చేసి, అక్కడి కొద్దిపాటి యూదులతో ఎవరూ లావాదేవీలు పెట్టుకోవద్దని జనాన్ని రెచ్చగొట్టాడు. మొత్తం కలిపి 200 మంది కూడా లేని సమాజం. చిల్లర వ్యాపారులు, వీధుల్లో తిరిగి అమ్ముకునేవారు. వారి మీద ల్యాండ్ లీగ్ ఆయుధమే ఎత్తారు. దాన్ని బహిరంగంగా ఖండించినవారిలో ముందున్నది ఎవరో తెలుసా? మైఖేల్ డేవిట్. ఆ ఆయుధాన్ని తయారుచేసినవాడే. పత్రికకు లేఖ రాశాడు, లిమరిక్ వెళ్లి ఆ కుటుంబాలను కలిశాడు. నాకు డేవిట్ మీద గౌరవం ఇక్కడ రెట్టింపవుతుంది. తన ఆయుధం దారి తప్పితే ఊరుకోలేదు. 1933 ఏప్రిల్ 1న జర్మనీలో నాజీలు యూదుల దుకాణాల ముందు నిలబడి అదే చేసినప్పుడు దాని వెనుక ప్రభుత్వ బలమంతా ఉంది.

ఇక్కడ నాకు అర్థమైన తేడా చెబుతాను. కెప్టెన్ బాయ్‌కాట్‌కు ఒక దారి తెరిచి ఉంది. నోటీసులు వెనక్కి తీసుకుంటే మర్నాడే కమ్మరి వచ్చేవాడు. మాంట్‌గోమరీ బస్సు కంపెనీకీ ఉంది. వాళ్లు చేసే పని మారితే చాలు. లిమరిక్ యూదుడికి ఆ దారి లేదు. అతను ఏం మానుకోవాలి? పుట్టుక మానుకోలేడు కదా. వెలిలో అడిగేది నడవడి మార్చుకోమని కాదు, ఉన్న చోటే ఒదిగి ఉండమని. ఇంకో సంగతి, కూడు ఎవరి చేతిలో ఉంది అన్నది. బాయ్‌కాట్ చేసేవాడు తన రోజు కూలిని పణంగా పెడతాడు. వెలివేసేవాడు అవతలివాడి కూలిని పణంగా పెడతాడు.

దీన్ని మన దేశంలో అందరికంటే నిశితంగా చూసినవారు డాక్టర్ అంబేడ్కర్. 1927లో అంటరానివారి నీటి హక్కు కోసం మహాడ్ చెరువు పోరాటం జరిగిన రోజుల్లోనే ఆయన మొదలుపెట్టిన మరాఠీ పత్రిక పేరు బహిష్కృత భారత్. బహిష్కృతులంటే ఆయనకు బహిష్కరణ చేసేవాళ్లు కాదు, దానికి గురైనవాళ్లు. ఆ తరువాత బొంబాయి ప్రభుత్వం అణగారిన వర్గాల స్థితిని పరిశీలించడానికి వేసిన స్టార్ట్ కమిటీలో ఆయన సభ్యులు. 1930లో ఆ కమిటీ ఇచ్చిన నివేదిక చదవండి. ఊరి బావి దగ్గర హక్కు అడిగితే సాంఘిక బహిష్కారం. అంతే కాదు, ఒక అంటరాని మనిషి జంధ్యం వేసుకున్నందుకు, కాస్త భూమి కొన్నందుకు, మంచి బట్టలో నగలో పెట్టుకున్నందుకు, పెళ్లికొడుకును గుర్రం మీద వీధిలో ఊరేగించినందుకు. వెంటనే దారులు మూసేస్తారు, కొట్టువాడు సరుకు అమ్మడు, పొలం పని ఉండదు. వారిని అణచడానికి ఇంతకంటే బలమైన ఆయుధం తమకు తెలియదని కమిటీ రాసింది.

ఆ ఏడాదే రౌండ్ టేబుల్ సమావేశానికి అంబేడ్కర్ సమర్పించిన రక్షణల పత్రంలో బాయ్‌కాట్‌ను నేరంగా నిర్వచించి శిక్షలు ప్రతిపాదించారు. ఆ నిబంధనలను ఎక్కడి నుంచి తీసుకున్నారో ఆయనే అక్కడ రాశారు. 1922 నాటి బర్మా బాయ్‌కాట్ నిరోధక చట్టం నుంచి. బర్మా జాతీయవాదుల బహిష్కరణోద్యమాన్ని అణచడానికి తెల్ల ప్రభుత్వం చేసిన చట్టమది. ఉద్యమాన్ని తొక్కడానికి పుట్టిన వాక్యాలను తీసుకుని, ఊరి చివర మనుషులకు కాపుగా నిలబెట్టాలని చూశారాయన. జాతీయవాదులకు అది మింగుడుపడని పనే కావచ్చు. కానీ బహిష్కరణ అనే ఒకే మాట కింద రెండు వేర్వేరు పనులు జరుగుతున్నాయని దీనికంటే తేటగా ఎవరు చూపించారు?

ఆ ఆలోచన చట్టంలోకి పూర్తిగా రావడానికి దశాబ్దాలు పట్టింది. ఈ లోపు మన దగ్గర ఏం జరిగిందో మీకు తెలుసు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులను చంపారు. అంతకు ముందే ఆ ఊళ్లో దళితులకు పొలం పనులు ఆపేశారు. మొదట కూలి ఆగింది, తరువాత ప్రాణం పోయింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. సాంఘిక బహిష్కారం, ఆర్థిక బహిష్కారం రెండింటినీ అది నిర్వచించింది. పనికి పిలవకపోవడం, లావాదేవీ నిరాకరించడం, ఆనవాయితీగా అందే సేవలు ఆపడం, బెదిరించడం కూడా శిక్షార్హమే. అయినా 2017లో పశ్చిమగోదావరి జిల్లా గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం వివాదం తరువాత దళితులకు పనులు ఆగిపోయాయి. ఉత్తర తెలంగాణలో కొన్ని గ్రామాభివృద్ధి కమిటీలు మాట వినని కుటుంబాలకు జరిమానాలు వేయడం, మాట్లాడినవారికి కూడా జరిమానా అని చాటింపు వేయడం ఇప్పటికీ వార్తల్లో చూస్తున్నాం. ఆ కుటుంబం ఎస్సీ, ఎస్టీ కాకపోతే ఈ చట్టం వర్తించదు. మహారాష్ట్ర ఏ కులం వారికైనా వర్తించే ప్రత్యేక చట్టాన్ని 2016లో చేసుకుంది. అలాంటిది మన రెండు రాష్ట్రాలకూ కావాలని నా గట్టి అభిప్రాయం.

ఇక మీ పని. ఇలాంటి ఊరికి వార్త కోసం వెళ్తే మీకు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. వెలిలో చూపించడానికి గాయం ఉండదు. కొట్టువాడు ‘సరుకు అయిపోయింది’ అంటాడు. రైతు ‘ఈసారి యంత్రంతో కోయించాం’ అంటాడు. పాలవాడు ‘గేదె వట్టిపోయింది’ అంటాడు. ఒక్కొక్కటి విడిగా చూస్తే నిజమే అనిపిస్తుంది. అన్నీ ఒకే వారంలో, ఒకే వీధికి ఎలా జరిగాయో అడగాలి. ఆ కొట్టులో అదే రోజు పక్క వీధివారికి ఉప్పు, నూనె అమ్మారా అని అడగాలి. పొరుగు ఊరి నుంచి కూలీలను ఆటోల్లో తెచ్చారా, వాళ్లకు ఎంత ఇచ్చారో, ఇక్కడివాళ్లకు ముందు ఎంత ఇచ్చేవారో రాసుకోవాలి. చాటింపు వేసిన మనిషిని కలవాలి, వేయమన్నది ఎవరో అడగాలి. వార్త రాసేటప్పుడు ‘గ్రామస్థులు బహిష్కరించారు’ అని రాయకండి. వెలికి గురైనవారు కూడా గ్రామస్థులే. ఎవరు చేశారో వారి పేరు రాయండి, పేరు రాయలేకపోతే కమిటీ అని రాయండి. అక్కడ బహిష్కరణ అనే మాట కూడా వద్దు, వెలి అనే రాయండి. ఆ మాట ప్రతి పాఠకుడికీ అర్థమవుతుంది, ఎవరు పైన, ఎవరు కింద అన్నది అందులోనే ఉంది.

నా మాటలు ఇంతవరకే. ప్రశ్నలుంటే అడగండి.